గడప దాటలేని రోగికి గడపలోనే చికిత్స

పక్షవాతం వచ్చిన మనిషిని పెద్దాసుపత్రి నుండి ఇంటికి తెచ్చుకొన్న రోజుతో చికిత్స ముగిసినదని మన కుటుంబాలలో చాలామంది భావిస్తారు. ప్రాణం దక్కినది కదా, ఇక మందులు వాడుతూ విశ్రాంతి తీసుకొంటే కాలూ చేయీ వాటంతట అవే వస్తాయని ఒకరికొకరు ధైర్యం చెప్పుకొంటారు. నిజానికి ఆ రోజున ముగిసినది చికిత్సలో మొదటి భాగం మాత్రమే. మంచం మీద లేచి కూర్చోవడం, నిలబడడం, నాలుగడుగులు వేయడం, ఎవరి సాయమూ లేకుండా స్నానాల గదికి వెళ్ళి రావడం, తన చేత్తో తాను అన్నం కలుపుకొని తినడం అనే రెండవ భాగం అప్పుడే మొదలవుతుంది. ఈ రెండవ భాగాన్ని నడిపించవలసినవారు ఫిజియోథెరపిస్టు, మాట తడబడితే స్పీచ్ థెరపిస్టు, నిత్యకృత్యాలను తిరిగి నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు. వీరిని అనుబంధ వైద్య వృత్తులవారు అంటారు. పట్టణంలో వీరి వద్దకు రోగి వెళ్తాడు. పల్లెలో రోగి కదలలేడు, వీరు రారు. ఈ రెండింటి నడుమ ఎందరో తల్లిదండ్రులు మంచానికే అంకితమైపోతున్నారు. వీరిని రప్పించే ఏర్పాటును మనమే చేసుకోవలెనని, అది అసాధ్యమేమీ కాదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వినగడప వంటి ఊరు

దూరపు మాటలెందుకు, తిరువూరు ప్రాంతంలోని వినగడపనే తీసుకొందాము. 2022 ఏప్రిల్ 4న పూర్వపు కృష్ణా జిల్లా నుండి విడివడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో, గంపలగూడెం మండలంలో ఉన్న గ్రామమిది. చుట్టూ మామిడి తోటలు, పత్తి, మిరప చేలు. పక్కనే కట్టలేరు. వానలు ముమ్మరించి ఆ ఏరు పొంగినదంటే రాకపోకలు నిలిచిపోవడం అక్కడివారికి కొత్త కాదు. చదువుకొన్న పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉంటారు. ఇంట్లో మిగిలేది అరవై, డెబ్బై ఏళ్ళు దాటిన దంపతులు. వారిలో ఒకరు పడిపోతే రెండవవారే సేవకులు.

అటువంటి ఇంట పక్షవాతపు రోగికి వారానికి మూడు రోజులు వ్యాయామ చికిత్స చేయించవలెనని వైద్యుడు వ్రాసి ఇచ్చినాడనుకొనండి. ఆటో మాట్లాడవలెను. ఇద్దరు మగవారు వచ్చి రోగిని ఎత్తి కూర్చోబెట్టవలెను. గతుకుల దారిలో తిరువూరు వరకు వెళ్ళి, అక్కడ వేచి ఉండి, ముప్పావు గంట చికిత్స చేయించుకొని, మళ్ళీ అదే ఆటోలో తిరిగి రావలెను. వ్యాయామంతో కలిగిన మేలు ప్రయాణపు బడలికలో హరించుకుపోతుంది. మొదటి వారం మూడు సార్లు, రెండవ వారం ఒక సారి, మూడవ వారం నుండి అసలే లేదు. దీనిని ఆ కుటుంబం అశ్రద్ధ అనడం న్యాయం కాదు. ఏర్పాటే అట్లా ఉన్నది. డబ్బు ఉన్నవారికి కూడా ఈ ఇబ్బంది తప్పదు. అమెరికా నుండి కొడుకు డాలర్లు పంపగలడు గాని, తండ్రిని లేపి నిలబెట్టే మనిషిని పంపలేడు.

చరకుడు చెప్పిన నాలుగు పాదాలు

మన ఆయుర్వేదం ఈ విషయాన్ని ఏనాడో గుర్తించినది. చరక సంహిత సూత్రస్థానంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పబడినవి. వైద్యుడు, ఔషధం, ఉపస్థాత, రోగి. ఉపస్థాత అనగా పరిచారకుడు, రోగిని దగ్గర ఉండి చూసుకొనేవాడు. వైద్యునికి నాలుగు గుణాలు చెప్పినట్లే పరిచారకునికి కూడా చరకుడు నాలుగు గుణాలు చెప్పినాడు. ఉపచారం ఎట్లా చేయవలెనో తెలిసి ఉండడం, నేర్పు, రోగి యందు అనురాగం, శుచిత్వం. ఈ నాలుగింటిలో చివరి రెండూ మన ఇళ్ళలో పుష్కలంగా ఉన్నవి. అత్తగారి మలమూత్రాలు తీసే కోడలికి, భర్తకు అన్నం తినిపించే డెబ్బై ఏళ్ళ ఇల్లాలికి అనురాగం గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. కొరవడినవి మొదటి రెండే. ఉపచారజ్ఞానం, నేర్పు. అవి ప్రేమతో పుట్టుకొచ్చేవి కావు. ఎవరో ఒకరు నేర్పితే వచ్చేవి.

ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు చేసే ముఖ్యమైన పని ఇదే. ఆయన వారానికి మూడు గంటలు రోగి దగ్గర ఉంటే, మిగిలిన 165 గంటలూ ఇంటివారే ఉంటారు. కావున ఆయన రోగికి చేసే చికిత్స ఒక వంతు, ఇంటివారికి నేర్పే విద్య రెండు వంతులు కావలెను. రోగిని ఏ వైపు పడుకోబెట్టాలి, నడుము విరగకుండా ఎట్లా లేపాలి, అన్నం పెట్టేటప్పుడు ఎట్లా నిటారుగా కూర్చోబెట్టాలి అనేవి ఆసుపత్రి గదిలో చెబితే ఒంటబట్టవు. తమ ఇంట్లో, తమ మంచం మీద, తమ చేతులతో చేయించినప్పుడే వస్తాయి. ఇంటి చికిత్సను ఆసుపత్రికి వెళ్ళలేనివారికి దొరికే తక్కువ రకం వైద్యమని తలచేవారు ఈ సంగతి గమనించవలెను. స్నానాల గది గడప ఎంత ఎత్తు ఉన్నదో, మంచం ఎంత కిందికి ఉన్నదో, రాత్రి లేచినప్పుడు దీపం మీట చేతికి అందుతుందో లేదో ఇంటికి వచ్చినవానికే తెలుస్తుంది.

మొదటి మూడు నెలల విలువ

పక్షవాతం వచ్చిన తరువాత కోలుకొనే వేగం మొదటి మూడు నెలలలోనే ఎక్కువగా ఉంటుంది. ఆరు నెలల వరకు చెప్పుకోదగినంత మార్పు వస్తుంది. తరువాత కూడా మెరుగుదల ఆగిపోదు గాని నెమ్మదిస్తుంది. మెదడులో దెబ్బతిన్న భాగం చేసే పనిని తక్కిన భాగాలు కొంతవరకు నేర్చుకోగలవు. అయితే ఆ పనిని మళ్ళీ మళ్ళీ చేయిస్తేనే నేర్చుకొంటాయి. ఈ కాలాన్ని సంపూర్ణ విశ్రాంతి పేరుతో మంచం మీద గడిపివేస్తే కీళ్ళు బిగుసుకొంటాయి, భుజం నొప్పి పట్టుకొంటుంది, కండలు కరుగుతాయి, వీపున పుండ్లు పడతాయి. అప్పుడు ఎంత గొప్ప చికిత్సకుడు వచ్చినా ముందు ఈ కొత్త బాధలను తీర్చడానికే కాలమంతా సరిపోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

పక్షవాతపు రోగులే కాదు. తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స చేయించుకొన్న వృద్ధులు, మోకాలి కీలు మార్పిడి చేయించుకొన్నవారు, వణుకుడు వాతం ఉన్నవారు, పుట్టుకతోనే కాళ్ళూ చేతులూ బిగుసుకొన్న పిల్లలు, ఆయాసంతో నాలుగడుగులు వేయలేనివారు అందరికీ ఈ అవసరం ఉన్నది. పొరుగున ఎ.కొండూరు మండలపు తండాలలో మూత్రపిండాల వ్యాధితో తీసుకొంటున్న కుటుంబాలను చూసినవారికి, దీర్ఘరోగి ఇంటికి మందులొక్కటే చాలవని వేరే చెప్పనక్కరలేదు.

తైలమా, వ్యాయామమా?

ఈ పత్రిక పాఠకులకు ఇక్కడ ఒక సందేహం రావచ్చును. వాత వ్యాధులకు అభ్యంగనం, స్వేదనం మన శాస్త్రంలో ఉండగా ఈ కొత్త చికిత్స ఎందుకని అడిగేవారున్నారు. రెండింటికీ వైరం లేదు. నువ్వుల నూనెతోనో, వైద్యుడు చెప్పిన తైలంతోనో మృదువుగా మర్దన చేస్తే చర్మానికి మేలు కలుగుతుంది, కండరాల బిగువు సడలుతుంది, రోగికి హాయిగా ఉంటుంది. ఆ హాయి వేళలోనే కీళ్ళను కదిలించడం సులభం. కావున మర్దన వ్యాయామానికి ముందు మెట్టు కావలెను గాని, వ్యాయామానికి బదులు కారాదు. రోగి కండరం తనంతట తాను పని చేయనిదే దానికి బలం రాదు. ఎన్ని శేర్ల నూనె ఇంకినా నడక రాదు.

కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. పక్షవాతం వచ్చిన వైపు స్పర్శ తెలియకపోవచ్చును. అక్కడ వావిలాకు కాపడమైనా, ఉప్పు మూట కాపడమైనా, వేడినీళ్ళ సంచి అయినా ముందు ఇంటివారు తమ చేతిపై చూసుకొని గాని పెట్టరాదు. రోగి చెప్పలేడు, చర్మం కాలిపోతుంది. మధుమేహులకు మరింత జాగ్రత్త అవసరం. ఒక పిక్క ఉన్నట్టుండి వాచి, వేడెక్కి, నొప్పి పెడుతూ ఉంటే దానిని మర్దించరాదు. అక్కడ రక్తం గడ్డకట్టి ఉండవచ్చును. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. పడిపోయిన చేతిని పట్టుకొని రోగిని పైకి లాగరాదు. భుజపు కీలు జారిపోతుంది. పావురం రక్తం పూయడం వంటివి చేస్తూ కూర్చొంటే విలువైన సమయం పోతుంది. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా నాటువైద్యం కోసం వెదకక 108కి ఫోను చేయవలెను. రక్తనాళంలో గడ్డ అడ్డుపడినప్పుడు దానిని కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటల లోపల ఇవ్వవలసి ఉంటుంది. ఆ వ్యవధి దాటితే ఆ మార్గం చాలామందికి మూసుకొనిపోతుంది.

గుమ్మం దాకా రావడం కొత్త కాదు

ఇంటికి వెళ్ళి వైద్యసేవ చేయడం మన ప్రాంతానికి తెలియని పద్ధతి కాదు. కుష్ఠు నిర్మూలన కార్యక్రమంలో పారామెడికల్ సిబ్బంది ఊరూరా, ఇల్లిల్లూ తిరిగి మచ్చలను పరీక్షించినారు. 1983 నుండి బహుళ ఔషధ చికిత్స వచ్చిన తరువాత ఆ మందులను రోగికి అందించి, మానకుండా చూసినవారు కూడా వారే. సైకిళ్ళ మీద తిరిగిన ఆ సామాన్య ఉద్యోగులు లేనిదే ఆ వ్యాధి అదుపులోకి వచ్చేది కాదు.

2020 జులై 1న విజయవాడలో 108, 104 సేవలకు చెందిన 1,088 వాహనాలు ఒకేసారి ప్రారంభమైనవి. 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో కుటుంబ వైద్యుడు విధానం ప్రారంభించినప్పుడు, వైద్యుడు నెలకు రెండు సార్లు గ్రామానికి రావలెనని, మంచాన పడినవారిని ఇంటికే వెళ్ళి చూడవలెనని నిర్దేశించినారు. అంతకు చాలా ముందే, 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమంలో సామాజిక ఆరోగ్య కేంద్రంలో పునరావాస విభాగం ఉండవలెనని, మంచాన ఉన్న వృద్ధుల ఇళ్ళకు పునరావాస కార్యకర్త వెళ్ళవలెనని వ్రాసి ఉన్నది. ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం మండలాలలో నెలకొల్పిన భవిత కేంద్రాలకు ఫిజియోథెరపిస్టులు నిర్ణీత దినాలలో వచ్చి వ్యాయామాలు చేయించే పద్ధతి ఉన్నది. బడికి రాలేని పిల్లల ఇళ్ళకు ఉపాధ్యాయులు వెళ్ళడం కూడా అందులో భాగమే. తీవ్ర వైకల్యం గల బిడ్డకు ఇంటి వద్దనే చదువుకొనే హక్కును 2012లో విద్యాహక్కు చట్టానికి చేసిన సవరణ కల్పించినది. బడి ఇంటికి రాగలిగినప్పుడు చికిత్స ఎందుకు రాలేదు?

మరొక విషయం. 2024 జులై నుండి పక్షవాతంతో మంచానికీ, చక్రాల కుర్చీకీ పరిమితమైనవారికి మన రాష్ట్రంలో నెలకు 15,000 రూపాయల పింఛను నిర్ణయమైనది. ఆ సొమ్మును ఇంటి గుమ్మం ముందుకు తెచ్చి ఇచ్చే పద్ధతి ఉన్నది. ఇది గొప్ప ఊరట. అయితే మనిషి మంచాన పడినందుకు ఇచ్చే సొమ్ము గుమ్మంలోకి వస్తున్నది గాని, మంచం మీద నుండి లేపే విద్య రావడం లేదు. పడిపోయిన మొదటి మూడు నెలలలో ఆ విద్య వచ్చి ఉంటే వారిలో కొందరు మంచానికి పరిమితం అయ్యేవారే కారేమో. ప్రభుత్వం వారు ఈ లెక్క కూడా వేయవలెను. గ్రామానికి వచ్చే వైద్య బృందంలో ఫిజియోథెరపిస్టుకు కూడా చోటు కల్పించి, మండలానికి కనీసం ఒకరిని ఇళ్ళ సందర్శన కోసమే నియమించవలెను.

కేరళ రాష్ట్రంలో 1990 దశకం చివరి సంవత్సరాలలో మలప్పురం జిల్లాలో ఊరివారే చందాలు వేసుకొని, స్వచ్ఛంద కార్యకర్తలను తయారు చేసుకొని, నర్సును వెంటబెట్టుకొని దీర్ఘరోగుల ఇళ్ళకు వెళ్ళే పద్ధతిని మొదలుపెట్టినారు. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ఉపశమన సేవల విధానాన్ని ప్రకటించినది. తెలంగాణలో ఆలన పేరుతో ఇటువంటి సేవా వాహనాలు నడిపినారు. కేరళ అనుభవం చెప్పేది ఒక్కటే. ముందు ఊరు కదిలినది, తరువాత ప్రభుత్వం కదిలినది.

ఊరు చేసుకోవలసిన ఏర్పాటు

ఒక ఇంటివారు ఒంటరిగా పిలిస్తే ఫిజియోథెరపిస్టు రాకపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదు. లెక్క కుదరకపోవడమే. పోను రాను అరవై కిలోమీటర్లు ఉన్నదనుకొందాము. ఒక్క ఇంటి కోసం వస్తే ఆ అరవై కిలోమీటర్ల ఖర్చూ ఆ ఇంటి మీదనే పడుతుంది. అదే ఆరు ఇళ్ళు కలిస్తే ఒక్కొక్క ఇంటి వంతు పది కిలోమీటర్లే. ఒక్కొక్క ఇంట ముప్పావు గంట, ఇంటికీ ఇంటికీ మధ్య పావు గంట వేసుకొంటే ఉదయం ఎనిమిది గంటలకు వచ్చినవారు రెండు గంటలకు ఆరు ఇళ్ళూ ముగించుకొని వెళ్ళవచ్చును. అంటే కావలసినది ఐకమత్యమే. ఈ క్రింది పద్ధతిని గ్రామస్థులు పరిశీలించవలెనని నా మనవి.

1. ముందుగా జాబితా. ఊరిలో మంచాన ఉన్నవారు, నడక కష్టమైనవారు, శస్త్రచికిత్స చేయించుకొని వచ్చినవారు ఎందరో ఆశా కార్యకర్తకు, ఏ.ఎన్.ఎం.కు తెలిసే ఉంటుంది. ఆ కుటుంబాల సమ్మతితోనే పేర్లు వ్రాయవలెను. రోగి సంగతి నలుగురిలో పెట్టరాదు.

2. రోజు నిర్ణయం. కట్టలేరుకు ఇవతలి ఊళ్ళన్నీ ఒక రోజు, అవతలి ఊళ్ళన్నీ మరొక రోజు అని దారిని బట్టి విభజించవలెను. వర్జ్యం, అమావాస్య చూసుకొని రోజులు మార్చుకొంటూ పోతే ఏర్పాటు నిలవదు. మిరప కోతల కాలంలోనూ, మామిడి కాయ దించే రోజులలోనూ ఇంట్లో మనుషులు ఉండరు. ఆ నెలలలో వేళను ఉదయం ఆరున్నరకు మార్చుకోవచ్చును. నెమలి వేణుగోపాలస్వామి ఉత్సవాల వంటి రోజులను ముందే గుర్తించవలెను.

3. రుసుము. ఒక సందర్శనకు ఎంత, ప్రయాణానికి ఎంత అన్నది ముందే తేల్చుకొని కాగితం మీద వ్రాసుకోవలెను. లేనివారి ఇంటికి ఉన్నవారు కొంత సర్దుకొనే నిధి ఏర్పరచుకొంటే మరీ మంచిది. రాలేని రోజున చికిత్సకుడు, వద్దనుకొన్న రోజున ఇంటివారు ముందు రోజు సాయంత్రానికే కబురు చేయవలెను.

4. ఒక పుస్తకం. ప్రతి రోగి ఇంట ఒక నోటు పుస్తకం ఉండవలెను. వైద్యుని చీటీ, వాడే మందులు, రక్తపోటు, చేయవలసిన వ్యాయామాలు, ఎన్ని సార్లు చేసినారు, ఎక్కడ నొప్పి అన్నది అందులో వ్రాయవలెను. దూరాన ఉన్న పిల్లలు ఫోనులో అడిగినప్పుడు కూడా ఆ పుస్తకమే సమాధానం చెబుతుంది.

5. వరద నాటి ఏర్పాటు. ఏరు పొంగి రాకపోకలు ఆగినప్పుడు చికిత్స ఆగిపోరాదు. ఒక వారానికి సరిపడే వ్యాయామాలను ముందే నేర్పించి, బొమ్మలు గీయించి గోడకు అంటించుకోవలెను. ఫోనులో చూపిస్తూ చేయించే సౌకర్యం నేడు ఉన్నది. మొదటి పరీక్ష మాత్రం మనిషి స్వయంగా వచ్చి చేయవలసినదే.

వచ్చేవారి అర్హత, వారి గౌరవం

ఇంటికి వచ్చేవారు ఎవరన్నది ముఖ్యం. విద్యుత్ యంత్రం ఒకటి సంచిలో వేసుకొని తిరిగే ప్రతివారూ ఫిజియోథెరపిస్టు కారు. ఇది నాలుగు సంవత్సరాలకు పైబడిన విశ్వవిద్యాలయ విద్య. శరీర నిర్మాణం నుండి నాడీ మండల వ్యాధుల వరకు చదివి, ఆసుపత్రిలో శిక్షణ పొంది వస్తారు. 2021లో పార్లమెంటు జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టాన్ని చేసి, ఈ వృత్తులకు విద్యా ప్రమాణాలను, నమోదును నిర్దేశించినది. కావున పట్టా చూపమని అడగడం అమర్యాద కాదు. నిజమైన చికిత్సకుడు సంతోషంగా చూపుతాడు. వ్యాధి చరిత్ర అడగకుండా, రక్తపోటు చూడకుండా, మొదటి రోజే నడిపించేస్తానని మాట ఇచ్చేవానిని నమ్మరాదు. వైద్యుడు ఇచ్చిన మందులు మానివేయమని చెప్పేవానిని గడప ఎక్కనీయరాదు.

అట్లే ఇంటివారికీ కొన్ని ధర్మాలున్నవి. ఈ వృత్తిలో ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. తెలియని ఊరికి, తెలియని ఇంటికి ఒంటరిగా వచ్చే ఆ అమ్మాయికి రక్షణ కల్పించడం ఊరి బాధ్యత. ఇంట్లో మరొక స్త్రీ ఉన్న వేళనే పిలవవలెను. చీకటి పడకముందే పంపవలెను. ఏ ఇంట ఎప్పుడు ఉంటుందో ఆమె తరఫువారికి తెలిసి ఉండవలెను. స్త్రీ రోగి వద్ద పురుష చికిత్సకుడు ఉన్నప్పుడు ఇంటివారు ఒకరు తప్పక పక్కన ఉండవలెను. కాళ్ళు పట్టే మనిషి వచ్చినాడు అని పలకడం తగదు. ఆయన ఆలోచించి చేసే పనిని చేతిపనిగా చూసి బేరమాడితే, మంచివారు రావడం మానుకొంటారు. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు, సబ్బు, శుభ్రమైన తుండు, గాలి వెలుతురు ఉన్న గది, గట్టి మంచం, ఒక కుర్చీ సిద్ధంగా ఉంచితే చాలును. కాఫీ ఫలహారాలకంటె, నిన్న చెప్పిన వ్యాయామం ఈ రోజు చేయించి ఉండడమే ఆయనకు చేసే అసలైన మర్యాద.

కొన్ని ఆక్షేపణలు

ఇంట్లో యంత్రాలు ఉండవు కదా అని కొందరు అంటారు. కొన్ని చికిత్సలకు యంత్రాలు కావలసిన మాట నిజమే. అటువంటివారిని నెలకొకసారి పట్టణానికి తీసుకొనిపోవలసిందే. కానీ లేవడం, కూర్చోవడం, నిలబడడం, మెట్టు ఎక్కడం నేర్పడానికి కావలసిన యంత్రం మంచం, కుర్చీ, గోడ, గుమ్మం. ఇవి ప్రతి ఇంటా ఉన్నవి.

పల్లెలో ఈ సేవకు డబ్బు ఎవరు ఇస్తారని మరికొందరు అంటారు. ప్రతి వారం ఆటోకు, సెలవు పెట్టుకొని వచ్చే కొడుకు ప్రయాణానికి, పుండ్లు పడిన తరువాత కట్లకు, మందులకు అయ్యే ఖర్చును ఎవరూ లెక్క వేయరు. ఒకచోట కనిపించే రుసుము పెద్దదిగా తోస్తుంది, పదిచోట్ల జారిపోయే సొమ్ము కనిపించదు. అన్నిటికంటె కనిపించనిది ఇంటి ఆడవారి శ్రమ. రోగిని తప్పుడు పద్ధతిలో ఎత్తి ఎత్తి నడుము నొప్పి తెచ్చుకొన్న కోడళ్ళు, భార్యలు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. రోగి తనంతట తాను స్నానాల గదికి వెళ్ళగలిగిన నాడు బాగుపడేది ఒక్క రోగి కాదు, ఇద్దరు.

వృద్ధాప్యంలో ఇంత ప్రయాస ఎందుకు, ఉన్నన్నాళ్ళు సుఖంగా పడుకోనివ్వండి అనేవారు కూడా ఉన్నారు. ఈ మాట దయతో అన్నదే అయినా, దీని ఫలితం దయ కాదు. కదలకుండా పడుకోవడం సుఖం కాదు. రెండు గంటలకొకసారి ప్రక్క మార్చకపోతే పుండ్లు పడతాయి. గుక్క పట్టి నీళ్ళు తాగలేక ఊపిరితిత్తులలోకి పోతాయి. ఎనభై ఏళ్ళ మనిషికి పరుగెత్తడం అక్కరలేదు. తన పని తాను చేసుకోగలనన్న ధైర్యం మాత్రం తొంభై ఏళ్ళకూ కావలెను.

కావున ఈ వ్యాసం చదివిన గృహస్థులు ఒక పని చేయవలెను. తమ వీధిలో మంచాన ఉన్నవారు ఎందరో లెక్కించి, ఆ ఇళ్ళవారితో ఒక సాయంత్రం కూర్చొని మాట్లాడవలెను. ఆరు ఇళ్ళు కలిస్తే చాలును. తిరువూరులోనో, విజయవాడలోనో పట్టా పుచ్చుకొని పని కోసం చూస్తున్న యువ ఫిజియోథెరపిస్టు ఒకరికి మోటారు సైకిలు మీద తిరిగే బ్రతుకుతెరువు దొరుకుతుంది. ఆరుగురు రోగులకు ఇల్లే చికిత్సాలయం అవుతుంది. ఆ ఆరుగురిలో ఇద్దరు లేచి వాకిట్లోకి నడిచి వచ్చినా, ఏడవ ఇంటివారు తామే వచ్చి చేరతారు.